దీనబాంధవుడగు షాఫ్ట్స్‌బరీ ప్రభువు

కలిమిగల యింట బుట్టి, కలిమి ననుభవించి, కలిమితోడనే కన్నుమూసినవారి పేళ్లు సమాధులమీద నుండును గాని ప్రజల నాలుకలమీద నుండవు. ఇంగ్లండు దేశపు ప్రభువంశములలో నట్టివారు వందలకొలదిగ గలరు. వారి నడుమ నొక్క ప్రభువు శవము 1885వ సంవత్సరము అక్టోబరు 8వ తేదీన వెస్టుమినిస్టరు దేవాలయమునకు గొనిపోబడుచుండగా, పండ్లబండ్లు త్రోయువారును, పూలమ్ముకొను బాలికలును, బూట్లు తుడుచు కుఱ్ఱవాండ్రును, మిల్లుకూలీలును లండను వీథుల కిరువైపుల గంటలకొలది కాచియుండి కడసారి చూపు చూచిరి. ఆ ప్రభువు సేనాని కాడు, ప్రధానమంత్రి కాడు, ఏ రాజ్యమును జయించినవాడును గాడు. మఱి యా నిఱుపేదలకు ఆయనతో నేమి చుట్టరికము? ఈ ప్రశ్నకు బదులు చెప్పుటయే యీ వ్యాసముయొక్క యుద్దేశము.

ఏడవ షాఫ్ట్స్‌బరీ యర్లగు ఆంటనీ ఆష్లీ కూపరు 1801వ సంవత్సరము ఏప్రిలు 28వ తేదీన లండను నగరమున జన్మించెను. తండ్రి ప్రభువంశీయుడు, తల్లి మార్ల్‌బరో డ్యూకు కుమార్తె. ఇంట దాసదాసీజనమునకు గొదువలేదు. కొదువ యైనది ప్రేమ యొక్కటియే. తండ్రి రాజకీయములలోను, తల్లి వేడుకలలోను మునిగియుండిరి. బిడ్డలు వారిని జూచి భయపడుటయే గాని చేరి మాటలాడుట యెఱుగరు. అట్టి యింటిలో నా బాలుని జేరదీసినది మరియా మిల్లిసు అను నొక యింటిపెత్తనముగల సేవకురాలు. ఆమె వానిని ఒడిలో గూర్చుండబెట్టుకొని పరిశుద్ధ గ్రంథములోని కథలు చెప్పెను. చేతులు జోడించి ప్రార్థించుట నేర్పెను. ఏడేండ్ల ప్రాయమున వాని నొక వసతి పాఠశాలకు బంపిరి. అచ్చట మురికియు, క్రూరత్వమును మిక్కుటముగ నుండెను. ఆ కష్టకాలమందే మరియా మిల్లిసు మరణించెను. తన బంగారు గడియారమును ఆమె ఆ బాలునికి విడిచిపోయెను. ఆయన దానిని జీవితాంతమువఱకు ధరించెను. ఎవరైన నడిగినచో, ఈ లోకమున దనకు గలిగిన మిత్రులలో నెల్లర కంటె నుత్తమమగు మిత్రురాలు దాని నిచ్చెనని చెప్పుచుండెడివాడు. ప్రభువుకు సేవకురాలు మిత్రురాలగుట యా కాలపు మర్యాదకు విరుద్ధము. అయినను ఆయన ఆ మాట దాచలేదు.

తరువాత హారో పాఠశాలలో జదువుచున్న దినములలో నొక సంగతి జరిగెను. ఒకనాడు వీథిలో గేకలును, మొఱటు పాటలును వినవచ్చెను. చూడగా నలుగురైదుగురు త్రాగుబోతులు ఒక బీదవాని శవపేటికను మోసికొని తూలుచు వచ్చుచుండిరి. మూల తిరుగునప్పుడు వారు పేటికను నేలమీద బడవైచి బూతులు తిట్టసాగిరి. శవము వెంట ఏడ్చువా డొక్కడును లేడు. మనుష్యుడు బీదవాడైనంతమాత్రమున వానికి మరణమందైనను గౌరవము లేకపోవలెనా యని యా బాలుడు నివ్వెఱపోయి నిలిచెను. దేవుని సహాయముతో దన బ్రదుకు బీదలకొఱకు వినియోగింతునని యానాడే మనసున దలంచినట్లు ఆయన పిమ్మట జెప్పుచుండెను. ఇప్పటికిని హారోలో నా స్థలమున నీ సంగతిని దెలుపు ఫలకము గలదు.

ఆక్సుఫర్డు విశ్వవిద్యాలయమున ప్రాచీన భాషలలో ప్రథమశ్రేణిలో నుత్తీర్ణుడై, 1826లో మేనమామ యగు మార్ల్‌బరో డ్యూకు పలుకుబడిగల వుడ్‌స్టాకు స్థానమునుండి పార్లమెంటు సభ్యుడయ్యెను. తండ్రి బ్రదికియున్నంత కాలము ఈయనను ఆష్లీ ప్రభువని పిలిచిరి. 1851లో దండ్రి మరణింపగా షాఫ్ట్స్‌బరీ యర్లు అయ్యెను. 1828లో హిందూదేశ వ్యవహారములను విచారించు ప్రభుత్వ సంఘమున నొక సభ్యుడుగ నియమింపబడెను. కావున మన దేశముతో నాయనకు సంబంధము యౌవనమందే కలిగెను.

ఆయన మొదట జేపట్టిన పని పిచ్చివారి పోషణకు సంబంధించినది. ఆ కాలమున మతి చలించినవారిని రోగులనుగా గాక మృగములనుగా జూచిరి. లండను చుట్టుప్రక్కల గొన్ని పిచ్చియాసుపత్రులలో శనివారము మధ్యాహ్నము వారిని దిగంబరులనుగా గడ్డిమీద బరుండబెట్టి గొలుసులతో గట్టివైచి, సోమవారము ఉదయమువఱకు విప్పకుండిరి. సేవకులకు ఆదివారము సెలవు గావలెను గదా! ఈ సంగతులు 1827లో పార్లమెంటు విచారణ సంఘము నెదుట వెల్లడియయ్యెను. ఆష్లీ యా సంఘమున సభ్యుడు. 1828లో దత్సంబంధమగు శాసనమును బలపఱచుచు జేసిన యుపన్యాసమున ఆయన గొంతు సరిగా వినబడలేదట. ఐనను ఆ యేటనే పిచ్చియాసుపత్రుల తనిఖీదారులలో నొకడై, మరణించువఱకు ననగా 57 సంవత్సరములు ఆ పని విడువకుండెను. స్వయముగా బోవును, తలుపు తీయించును, కట్టబడియున్నవానిని జూచును, తరువాత వ్రాయును. విన్నమాటకంటె గన్నమాట బలవత్తరమని ఆయన యెఱుగును.

ఇంతలో మఱియొక పెద్దపని యెదురయ్యెను. ఆవిరియంత్రములు వచ్చినపిమ్మట ఇంగ్లండున నూలుమిల్లులు పుట్టగొడుగులవలె లేచెను. యంత్రముల క్రింద దూఱి తెగిన దారములు ముడివేయుటకు చిన్నచేతులు గావలసియుండెను. చిన్నచేతులకు గూలియు దక్కువ. తలిదండ్రులు ఆకలిచేత బిడ్డలను బంపిరి. ఆ బిడ్డలు దినమునకు పండ్రెండు గంటలును, కొన్నిచోట్ల నంతకు మించియు నిలువుకాళ్లమీద బనిచేసిరి. కునికినచో దెబ్బలు, ఆదమఱచినచో యంత్రము చేతిని లాగికొనును. ఈ బిడ్డల పక్షమున మైకేలు శాడ్లరు అను సభ్యుడు పార్లమెంటులో బోరాడెను గాని 1832 చివర జరిగిన యెన్నికలలో నోడిపోయెను. అప్పుడు జార్జి బుల్ అను మతగురువు ఆష్లీకడకు వచ్చి, ఈ భారమును మీరు వహింపుడని యడిగెను. ఆష్లీకి మిల్లుల సంగతి యంతగా దెలియదు. భార్యయు బిడ్డలును గలవాడు. దీనివలన మిత్రులు శత్రువులగుదురనియు, పదవులు దూరమగుననియు దోచెను. ఒక రాత్రి యోజించి, ప్రార్థించి, భార్యయగు ఎమిలీతో జెప్పెను. ఆమె వెనుకంజ వేయక ముందుకు బొమ్మనెను. ఇట్లు 1833లో ఆ భారము ఆయన భుజముల కెక్కెను.

ఆయన కోరినది యౌవనస్థులకును స్త్రీలకును దినమునకు పదిగంటల పని, అంతకు మించకూడదని. సామాన్యమైన కోరికవలె దోచును. కాని మిల్లు యజమానులు, కడపటి గంటలోనే మాకు లాభము మిగులును, పని తగ్గినచో దేశపు వర్తకము మునుగునని వాదించిరి. 1833లో ప్రభుత్వము ఆయన కోరినంత యీయక మఱియొక శాసనము చేసెను. దానిప్రకారము పట్టుమిల్లులు దక్క తక్కిన నేతమిల్లులలో తొమ్మిదేండ్లలోపు బిడ్డలు పనిచేయరాదు. తొమ్మిది మొదలు పదుమూడేండ్లలోపువారు దినమునకు తొమ్మిది గంటలు మించి చేయరాదు. వారికి దినమునకు రెండు గంటలు చదువు చెప్పింపవలెను. అన్నిటికంటె ముఖ్యముగా నలుగురు ఇన్‌స్పెక్టరులు నియమింపబడిరి. తనిఖీచేయు కన్ను లేని శాసనము వట్టి కాగితము. ఆ కన్ను తెఱువబడుట 1833 శాసనముయొక్క నిజమైన ఫలము.

పదిగంటల చట్టముకొఱకు మఱి పదునాలుగేండ్లు పట్టెను. 1844లో ఆయన సవరణ యొకసారి సభలో నెగ్గెను గూడ. అంతట ప్రధానమంత్రి పీలు, ఇది నిలిచినచో రాజీనామా నిత్తునని బెదరింప, సభవారు మరలి యోటువేసి దానిని ద్రోసివైచిరి. 1846లో మఱియొక చిక్కు వచ్చెను. పరదేశ ధాన్యముపై సుంకము నిలుపుమని కోరు భూస్వాములు ఆయనను దమ ప్రతినిధిగ బంపియుండిరి. ఆ సుంకము పేదల నోటికూడు తీయుచున్నదని ఆయనకు నమ్మకము గలిగెను. వారి యోట్లతో వచ్చి వారికి వ్యతిరేకముగ వర్తించుట ధర్మము గాదని సభ్యత్వము వదలుకొనెను. ఆ మఱుసటి యేడు, 1847లో, తాను పదునాలుగేండ్లు పోరాడిన పదిగంటల చట్టము జాన్ ఫీల్డెను అను సభ్యుని చేతిమీదుగ నెగ్గెను. ఆ ఫీల్డెను స్వయముగా మిల్లు యజమాని యగుట గమనింపదగినది. తాను నాటిన చెట్టు కాయ నొరుడు కోసెనని ఆష్లీ యసూయపడలేదు. కాయ పండినందుకు సంతోషించెను.

ఈ నడుమ 1842లో జరిగినది ఆయన జీవితమున మిక్కిలి జ్ఞాపకముంచుకొనదగిన సంగతి. అంతకు నాలుగేండ్లు ముందు, 1838 జూలై 4వ తేదీన, యార్కుషైరులోని హస్కరు బొగ్గుగనిలో కుండపోత వాన వలన నీరు చొచ్చి 26 మంది బిడ్డలు మునిగి చనిపోయిరి. వారిలో నేడేండ్లవారు గూడ నుండిరి. భూమిక్రింద నంత చిన్నబిడ్డలుండిరా యని దేశము ఉలికిపడెను. 1840లో ఆష్లీ కోరికమీద నొక విచారణ సంఘ మేర్పడెను. 1842లో వెలువడిన దాని నివేదికలో మాటలే గాక బొమ్మలును ఉండెను. చదువ దీరికలేని ప్రభువులు సైతము బొమ్మలు చూచిరి. ఏమి కనబడెను? గనిలో గాలి యాడుటకై పెట్టిన చిన్నతలుపుల కడ అయిదాఱేండ్ల బిడ్డలు కటికచీకటిలో నొంటరిగ గూర్చుండి, బండి వచ్చినప్పుడు త్రాడు లాగి తలుపు తీయుచుండిరి. తెల్లవాఱకముందే గనిలో దిగి, ప్రొద్దుగ్రుంకిన తరువాత పైకి వచ్చుటచేత శీతకాలమున నాదివారము దక్క సూర్యుని జూచుటయే లేదు. నడుమునకు పటకాయు, కాళ్ల నడుమ గొలుసును దగిలించుకొని బాలబాలికలు నాలుగు కాళ్ల జంతువులవలె బొగ్గుబండ్లు లాగుచుండిరి.

1842 జూను 7వ తేదీన ఆష్లీ కామన్సు సభలో రెండుగంటల సేపు ఈ సంగతులను వివరించెను. మిల్లు యజమానుల పక్షమువాడును, అదివఱకు ఆయనను నమ్మనివాడును నగు రిచర్డు కాబ్డెను లేచివచ్చి ఆయన చేయి పట్టుకొని యభినందించెను. ప్రభువుల సభలో బొగ్గుగనుల యజమానులగు ప్రభువులు కొన్ని నిబంధనలను కత్తిరించిరి. ఆయన పదుమూడేండ్లలోపు బాలురందఱను బైటికి దేవలెనని కోరగా, శాసనము పదేండ్లలోపువారిని మాత్రమే తెచ్చెను. అయినను స్త్రీలును, బాలికలును భూమిక్రింద బనిచేయుట యా యేటితో నిషేధింపబడెను.

పొగగొట్టముల బాలుర కథ యింతకంటె దీర్ఘమైనది. ఇంగ్లండు చలిదేశ మగుటచేత నింటింట నగ్గిగూడును, పొగగొట్టమును ఉండును. మసి దులుపుటకు చిన్నబాలురను ఆ గొట్టములలోనికి నెక్కించిరి. కొన్ని గొట్టముల వెడల్పు తొమ్మిది యంగుళములు మాత్రమే. మోకాళ్లు, మోచేతులు చీరుకొనిపోవును. కొందఱు నడుమ జిక్కుకొని యూపిరాడక చచ్చిరి. 1840లో నొక శాసనము, 1864లో నొక శాసనము జేయబడెను. రెండును నిష్ఫలములయ్యెను; ఏలయనగా తమ యింటి గొట్టము శుభ్రమైన జాలునని గృహస్థులును, వారికి శిక్ష వేయ న్యాయాధిపతులును వెనుకాడిరి. 1875లో కేంబ్రిడ్జి సమీపమున నొక పిచ్చియాసుపత్రి పొగగొట్టములో జార్జి బ్రూస్టరు అను బాలుడు చిక్కుకొని మరణించెను. అప్పటికి షాఫ్ట్స్‌బరీకి 74 ఏండ్లు. ఆయన మరల లేచెను. పనివారికి పోలీసువారి లైసెన్సు ఉండవలెనను నియమముతో నా యేడు వచ్చిన శాసనము ఆ దురాచారమును నిలిపెను. 1840 మొదలు 1875 వఱకు ముప్పదియైదేండ్లు! శాసనము చేయుట యొకటి, దానిని జరుపుట మఱియొకటి యని దీనివలన దెలియుచున్నది.

పనినుండి విడిపింపబడిన బిడ్డ యెచ్చటికి పోవలెను? వీథికి పోయినచో దొంగతనము నేర్చును. కావున చదువు గావలెను. చినిగిన బట్టలు గట్టుకొన్న బిడ్డలను సామాన్య పాఠశాలలవారు రానీయరు. అట్టివారికొఱకు గుఱ్ఱపుసాలలలోను, పాడుబడిన కొట్లలోను, ఆదివారములందును రాత్రులందును మంచి మనస్సుగల యుపాధ్యాయులు ఉచితముగ జదువు చెప్పుచుండిరి. వీనికి చింపిరిబడులని పేరు. 1844లో నివన్నియు నొక సంఘముగ నేర్పడగా, ఆష్లీ దానికి అధ్యక్షుడై కడవఱకు నుండెను. 1851లో లండనున మహాప్రదర్శనము జరిగినప్పుడు ఈ బడుల బాలురకు ఎఱ్ఱచొక్కాలు తొడిగి, బూట్లు తుడుచు పని యిచ్చి, తమ కష్టముతో దాము బ్రదుకు మార్గము జూపిరి. బండ్లు త్రోసి కూరలమ్మువారి సంఘమున గూడ ఆయన చేరి, తన వంశచిహ్నము వేయించిన యొక బండిని వారి యుపయోగమున కిచ్చెను. వారు కృతజ్ఞతతో నాయనకు చక్కగ నలంకరించిన యొక గాడిదను బహూకరించిరి. రాజు లిచ్చిన బిరుదులకంటె నా కానుకను ఆయన తక్కువగ నెన్నలేదు.

ఈయన దోషరహితుడా యని చదువరులడుగవచ్చును. ఏ మనుష్యుడును దోషరహితుడు గాడు. సామాన్యజనుల కందఱకు నోటుహక్కు నిచ్చుట ఆయన కిష్టము లేదు. పేదలకు మేలు చేయవలెను గాని యధికారము వారిచేతికి బోరాదని తలంచెను. కాలము ఆయన తలంపును ద్రోసివైచినది. 1850లో మిల్లు యజమానులతో రాజీపడి పదిగంటలకు బదులు పదిన్నర గంటల కొప్పుకొన్నందుకు కూలీలు ఆయనను ద్రోహి యనిరి. మిల్లు యజమానులు మఱియొక పోటుమాట వేసిరి: మా మిల్లులను దిట్టు నీవు నీ తండ్రి జమీనులోని పాలేండ్ర గుడిసెలను జూచితివా? ఆ మాటలో నిజముండెను. డార్సెటు సీమలో పాలేండ్రకు కూలి మిక్కిలి స్వల్పము, ఇండ్లు పాడు. 1843లో నాయన ఈ సంగతి సభాముఖముననే చెప్పి భూస్వాములను మందలింప, తండ్రికి ఆగ్రహము వచ్చెను. 1851లో జమీను తన చేతికి వచ్చునప్పటికి అప్పులలో మునిగియుండెను. ఐనను అప్పుచేసియే పాలేండ్రకు క్రొత్త యిండ్లు గట్టించెను. ఒరుని కంటిలోని నలుసు చూపినవాడు తన కంటిలోని దూలమును దాచలేదు. ఆయన గొప్పతనము తప్పు లేకపోవుటలో గాక, చూపబడిన తప్పును దిద్దుకొనుటలో నున్నది.

మన దేశమునకు సంబంధించిన రెండు సంగతులు చెప్పవలసియున్నవి. మొదటిది నల్లమందు. హిందూదేశమున బండించి చైనాకు బంపబడుచున్న నల్లమందు వర్తకము క్రైస్తవ రాజ్యమునకు సిగ్గుచేటని 1843 ఏప్రిలులో నాయన కామన్సు సభలో దీర్మానము దెచ్చెను. ప్రభుత్వమునకు దానివలన గొప్ప రాబడి గలదు గనుక తీర్మానము సాగలేదు. రెండవది ఫ్యాక్టరీలు. బొంబాయిలో నూలుమిల్లులు పెరుగగా, ఇంగ్లండు బిడ్డలు విడువబడిన చెఱలోనికి మన బిడ్డలు ప్రవేశించిరి. షాఫ్ట్స్‌బరీ ముసలితనమున 1879లో ప్రభువుల సభలో వారి పక్షమున మాటలాడెను. బొంబాయిలో సొరాబ్జీ షాపూర్జీ బెంగాలీ అను పార్సీ దొర యంతకుముందే శాసనపు ముసాయిదా వ్రాసియుండెను. 1881లో మొదటి హిందూదేశ ఫ్యాక్టరీ శాసనము వచ్చెను. ఏడేండ్లలోపు బిడ్డలు పనిచేయరాదు; ఏడు మొదలు పండ్రెండేండ్లవఱకు తొమ్మిది గంటలు మించరాదు; ఇదియు నూఱుమందికి తక్కువగాని యంత్రశాలలకే. మన దేశీయులలో ననేకులు దీని నెదిరించిరి. లాంకషైరు మిల్లులవారు మన మిల్లుల నణచుటకే యీ దయ చూపుచున్నారని వారి యనుమానము. ఆ యనుమానము నిరాధారము గాదు. లాంకషైరువారి స్వలాభ మందు గలదు. కాని స్వలాభపరులు చెప్పినంతమాత్రమున బిడ్డ కష్టము అబద్ధమగునా? షాఫ్ట్స్‌బరీ లాంకషైరు యజమానులతో నలుబదియేండ్లకు పైగా పోరాడినవాడు; వారికొఱకు మాటలాడెననుట న్యాయము గాదు.

1885వ సంవత్సరము అక్టోబరు 1వ తేదీన ఫోక్‌స్టను పట్టణమున ఆయన దేహము చాలించెను. వెస్టుమినిస్టరులో బాతిపెట్టవలదని ముందే కోరియుండుటచేత, అచ్చట ప్రార్థన జరిగిన పిమ్మట స్వగ్రామమగు వింబోర్ను సెయింటు జైల్సులో సమాధి చేసిరి. లండను నడిబొడ్డున పికడిల్లీ కూడలిలో 1893లో దెఱువబడిన జలయంత్రము ఆయన జ్ఞాపకార్థమైనది. దానిమీది ఱెక్కల బాలుని విగ్రహమును జనులు మన్మథుడని భ్రమపడుదురు. శిల్పి యుద్దేశించినది మన్మథుని సోదరుడగు ఆంటెరాసు, అనగా ప్రతిఫల మాశింపని ప్రేమకు గుఱుతు.

బాలబాలికలారా! మీరు దినదినము గంట మ్రోగగానే తరగతిలో గూర్చుండుట సూర్యోదయమంత సహజమని తలంతురు. అది సహజము గాదు. ఎవరో పోరాడి సంపాదించినది. నేడు మన రాజ్యాంగముయొక్క 24వ యధికరణము పదునాలుగేండ్లలోపు బిడ్డలను ఫ్యాక్టరీలలోను, గనులలోను బెట్టరాదని శాసించుచున్నది. ఆఱు మొదలు పదునాలుగేండ్లవఱకు చదువు ప్రతి బిడ్డకు హక్కని 2009 శాసనము చెప్పుచున్నది. అయినను పొగగొట్టముల కథను మఱవకుడు. గృహస్థులు చూచి చూడనట్లుండినంతకాలము అచ్చట శాసనము పనిచేయలేదు. మీ యీడు బిడ్డ ఫలహారశాలలో గిన్నెలు తోముచుండగా, మఱియొకరి యింట జంటిబిడ్డ నెత్తుకొని నిలిచియుండగా మీరు చూచియుందురు. చూచి యేమి చేసితిరి? షాఫ్ట్స్‌బరీ మొదట జేసినదియు జూచుటయే. కాని చూచి ముఖము త్రిప్పుకొనలేదు.

తలిదండ్రులకును, ఉపాధ్యాయులకును ఒక మాట. ఈ మహాకార్యముల మొదలు వెదకినచో, అది పార్లమెంటులో గాని ఆక్సుఫర్డులో గాని కానరాదు. ప్రేమ యెఱుగని యొక బాలుని ఒడిలో గూర్చుండబెట్టుకొనిన యొక సేవకురాలికడ గానవచ్చును. తాను చెప్పిన కథలు గనులలోని చీకటిని, మిల్లులలోని కన్నీటిని ఎన్నడైన దాకునని మరియా మిల్లిసు ఎఱుగదు. ఆ ఫలము జూడకయే ఆమె కన్నుమూసెను. ఆమె గడియారము మాత్ర మొక ప్రభువు జేబులో, జీవితాంతమువఱకు, నడచుచునే యుండెను.